రోడ్డు చల్లబడింది... మరి మనిషి?

మే నెల మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద చెప్పు తెగితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్లు చుర్రుమంటాయి. పక్కన కాస్త మట్టి కనిపిస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. గాలిలో వేడి 40 డిగ్రీలుంటే తారురోడ్డు వేడి 60 దాటిపోతుంది మరి!

ఆ నల్లటి రోడ్డుకు లేత రంగు పూసేస్తే? పడిన ఎండ పడినట్టే వెనక్కి పోతుంది. రోడ్డు చల్లగా ఉంటుంది, ఊరూ చల్లబడుతుంది... బడిపిల్లాడి ఆలోచనలా ఉంది కదూ! కానీ పెద్దపెద్ద నగరాలు దీన్ని నిజంగానే చేసి చూశాయి. టోక్యో, లాస్‌ఏంజెలెస్‌, దోహా, ఫీనిక్స్‌... అన్నీ రోడ్లకు రంగులేశాయి. రోడ్లు చల్లబడ్డాయి కూడా. అయితే మధ్యాహ్నంపూట ఆ రోడ్డు మీద నడిచే మనిషికి మాత్రం వేడి తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది!

ఇదేం విడ్డూరం? చల్లటి రోడ్డు మనిషిని వేడెక్కించడమేంటి? ఆ సంగతి తెలియాలంటే ముందు నల్లరోడ్డు చేసే పనేంటో చూడాలి.

పగలు మింగి... రాత్రి కక్కి...

ఎండాకాలంలో నల్లచొక్కా వేసుకుంటే ఉడికిపోతాం, తెల్ల నూలుచొక్కా వేసుకుంటే హాయిగా ఉంటుంది. రోడ్డుదీ అదే కథ. కొత్తగా వేసిన తారురోడ్డు మీద 100 పాళ్ల ఎండ పడితే అందులో 5 పాళ్లే వెనక్కి పోతుంది. మిగతా 95 పాళ్లూ రోడ్డే మింగేస్తుంది. ఏళ్లు గడిచి రంగు వెలిసి, బూడిదరంగుకు తిరిగాక కూడా వెనక్కి పోయేది పది, పదిహేను పాళ్లకు మించదు. సిమెంటు రోడ్డు నయం, అది 30 పాళ్ల దాకా వెనక్కి పంపగలదు.

మింగిన వేడి ఊరికే పోదు. రోడ్డు లోపలి పొరల్లోకి దిగి దాక్కుంటుంది. పొద్దుగూకాక మెల్లగా పైకి వస్తుంది. ఊరి బయట పొలం గట్టున రాత్రి ఎనిమిదింటికే చల్లగాలి తగులుతుంటే, నగరంలో మాత్రం రాత్రి పదింటికీ రోడ్ల మీద నుంచి, గోడల మీద నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. ల్యూక్‌ హోవార్డ్‌ అనే ఇంగ్లండ్‌ దొర 19వ శతాబ్దం మొదట్లోనే లండన్‌లోనూ ఊరి బయటా ఉష్ణోగ్రతలు రాసిపెట్టి, రాత్రిపూట నగరమే ఎక్కువ వెచ్చగా ఉంటోందని తేల్చాడు. శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్నే 'పట్టణ ఉష్ణ ద్వీపం' అంటున్నారు. చుట్టూ చల్లటి పల్లెలు, మధ్యలో వేడి దీవిలా నగరం!

రాత్రి చల్లబడకపోతే ఏమవుతుందంటారా? పగలంతా ఎండకు అలసిన ఒళ్లు తేరుకునేది రాత్రిపూటే. ఆ రాత్రి కూడా ఉడికిపోతుంటే గుండెకు విశ్రాంతి దొరకదు. వడగాలుల రోజుల్లో ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఎక్కువగా పోయేది ఇందుకే.

ఎడారిలో ఓ ప్రయోగం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి రాజధాని ఫీనిక్స్‌. ఎడారి మధ్యలో 16 లక్షల జనాభాతో ఉన్న మహానగరం. ఆ చుట్టుపక్కల ఛాండ్లర్‌, టెంపీ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలూ తక్కువేం కాదు. రెంటచింతలలో, రామగుండంలో పుట్టి పెరిగినవాళ్లకు సైతం 'అమ్మో' అనిపించే ఎండలు అక్కడివి. 2023 వేసవిలో వరసగా 31 రోజులు 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ జులై 19న తెల్లవారుజామున, అంటే రోజు మొత్తంలో అన్నిటికంటే చల్లగా ఉండాల్సిన వేళ కూడా, 36 డిగ్రీలుంది! ఫీనిక్స్‌ ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఒక్క ఏడాదే ఎండల వల్ల 645 మంది చనిపోయారని అధికారులు లెక్క తేల్చారు. కళ్లు తిరిగి రోడ్డు మీద పడిపోయి, ఒళ్లు కాలి ఆస్పత్రికి చేరేవాళ్లూ అక్కడ ప్రతి వేసవిలో ఉంటారు. నిప్పు తగలక్కర్లేదు, రోడ్డు తగిలితే చాలు!

అలాంటి ఊరికి రోడ్లను చల్లబరచాలన్న ఆలోచన రావడంలో వింతేముంది? 2020లో నగరపాలక సంస్థ ఎనిమిది పేటల్ని ఎంచుకుంది. ఇళ్ల మధ్య వీధుల్లో 36 మైళ్ల పొడవున, ఓ పార్కులోని పార్కింగ్‌ స్థలంలో లేత బూడిదరంగు పూత పూయించింది. తారుకు నీళ్లు, ఖనిజాల పొడి, రబ్బరులాంటి పాలిమర్లు కలిపి చేసిన పూత ఇది. పాత రోడ్డునేం తవ్వక్కర్లేదు, పైన ఓ పలచటి పొర వేస్తే చాలు. మరీ తెల్లగా ఉంటే వాహనం నడిపేవాళ్ల కళ్లు చెదురుతాయి కాబట్టి బూడిదరంగుతో సరిపెట్టారు.

తర్వాత అరిజోనా స్టేట్‌ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు రంగంలోకి దిగారు. పూత వేసిన వీధి, పక్కనే వేయని వీధి... రెండింట్లోనూ రోడ్డుపైన ఎంత వేడి ఉంది, రోడ్డు లోపల ఎంత, గాలిలో ఎంత, నడిచే మనిషి ఒంటికి తగిలేది ఎంత అని విడివిడిగా కొలిచారు. 2021 సెప్టెంబరులో ఫలితాలు బయటపెట్టారు.

మొదట శుభవార్తలు. మధ్యాహ్నంపూట పూత వేసిన రోడ్డు మామూలు రోడ్డుకన్నా సుమారు ఆరు డిగ్రీల సెల్సియస్‌ చల్లగా ఉంది. తెల్లవారుజామున కూడా ఒక డిగ్రీకి పైగా తేడా కనిపించింది. రోడ్డు లోపలి పొరలు సగటున 2.7 డిగ్రీలు చల్లబడ్డాయి. లోపల వేడి తక్కువగా ఉంటే తారు ఎండి పగుళ్లివ్వడం తగ్గుతుంది, రోడ్డు ఎక్కువ కాలం మన్నుతుందన్న ఆశ కూడా ఉంది. ఇక రాత్రిపూట మనిషి ఎత్తులో గాలి వేడి 0.3 డిగ్రీలు తగ్గింది. అది మరీ తక్కువే. అయినా కొన్ని వీధులకే పూత వేశారని, గాలి అటూ ఇటూ కదులుతూ ఉంటుందని గుర్తుంచుకోవాలి. లాస్‌ఏంజెలెస్‌లోని పకోయిమా అనే పేటలో 2022లో మొదలుపెట్టిన ప్రయోగంలో వీధులతోపాటు బడి ఆవరణకూ పార్కుకూ కూడా పూత వేశారు. పేట మొత్తానికి వేస్తే గాలి మరికాస్త చల్లబడుతుందని అక్కడి కొలతలు సూచించాయి.

ఫీనిక్స్‌ నివేదికలో ఇంకో అంకె ఉంది. అసలు తిరకాసంతా అందులోనే ఉంది. మధ్యాహ్నంపూట ఆ చల్లటి రోడ్డు మీద నిలబడిన మనిషి ఒంటికి తగిలే వేడి, మామూలు రోడ్డు మీద నిలబడినప్పటికన్నా సుమారు మూడు డిగ్రీలు ఎక్కువ!

బండి చెప్పిన నిజం

ఈ సంగతి మొదట తెలిసింది ఫీనిక్స్‌లో కాదు, లాస్‌ఏంజెలెస్‌లో. అమెరికాలో రోడ్లకు ఈ పూత వేయడంలో ముందున్న నగరం అదే. 2017లో కనోగా పార్క్‌ పేటలో ఓ వీధికి వేసినప్పుడు మైలుకు 40 వేల డాలర్ల దాకా ఖర్చవుతుందని అధికారులు చెప్పారు. 'రోడ్డు ఇంత చల్లబడింది' అన్న వార్తలు ప్రపంచమంతా పాకాయి. మరి మనిషి సంగతేంటి? ఏరియన్‌ మిడెల్‌ అనే శాస్త్రవేత్త దగ్గర దానికి తగిన పనిముట్టు ఉంది. తోటపని సామాను మోసే చక్రాల బండి మీద రకరకాల పరికరాలు అమర్చి తయారుచేసిన ఆ బండి ముద్దుపేరు 'మార్టీ'. అది ఎంత వేడి ఉందో చెప్పి ఊరుకోదు. పైనుంచి, కిందనుంచి, నాలుగు పక్కల నుంచి మనిషి ఒంటి మీద పడే వేడినంతా లెక్కగడుతుంది. మిడెల్‌, ఆమె సహచరులు ఆ బండిని పూత వేసిన వీధుల్లోనూ వేయని వీధుల్లోనూ తోసుకుంటూ తిరిగారు. రోడ్డు నాలుగు నుంచి ఆరు డిగ్రీలు చల్లగా ఉందనీ, మిట్టమధ్యాహ్నం మనిషి మీద పడే వేడి మాత్రం నాలుగు డిగ్రీలు ఎక్కువగా ఉందనీ 2020లో ప్రకటించారు.

కారణం చిక్కుముడేం కాదు. నల్లరోడ్డు ఎండను మింగి, వేడెక్కి, ఆ వేడిని సెగలా మన మీదికి వదులుతుంది. పూత వేసిన రోడ్డు దగ్గర ఆ సెగ తక్కువ. కానీ అది వెనక్కి తిప్పికొట్టిన ఎండ ఏమవుతుంది? తిన్నగా ఆకాశంలోకే పోతే బాగుండును. దారిలో మనిషి నిలబడి ఉంటే కాళ్లకు, పొట్టకు, గడ్డానికి తగులుతుంది. నెత్తి మీద ఒక ఎండ, కిందనుంచి ఇంకో ఎండ! ఎదురింటి తెల్లగోడ మీద ఎండ పడినప్పుడు మన వరండాలో కూర్చోలేకపోవడం అందరికీ అనుభవమే. ఇదీ అంతే. సూర్యుడు దిగిపోయాక తిప్పికొట్టడానికి ఎండ ఉండదు. అప్పుడు మిగిలేది లాభమే. అంటే ఈ పూత సాయంత్రానికీ రాత్రికీ స్నేహితుడు, మిట్టమధ్యాహ్నానికి కాదు.

మూడు డిగ్రీలంటే అదేం ఘోరం కాదని ఫీనిక్స్‌ నివేదికే చెప్పింది. మామూలు సిమెంటు కాలిబాట మీద నడిస్తే ఎంతో, ఇదీ అంతేనట. నిజమే. పైగా ఫీనిక్స్‌లో మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద ఎవరుంటారు? ఎక్కువమంది ఏసీ కార్లలో ఉంటారు. రోడ్డు తిప్పికొట్టిన ఎండ వాళ్లకు తగలదు. రాత్రికి ఆ కొంచెం చల్లదనం మాత్రం అందరికీ దక్కుతుంది. అందుకే ఫీనిక్స్‌ ఆ పని మానలేదు. ఆ తర్వాతి ఏళ్లలో 100 మైళ్లకు పైగా వీధులకు పూత వేసుకుంటూ పోయింది.

మరి మధ్యాహ్నం రెండింటికి విజయవాడ బందరురోడ్డు మీదో, హైదరాబాద్‌ కోఠిలోనో ఎవరుంటారు? తోపుడుబండి మీద మామిడిపళ్లు అమ్మే అమ్మ ఉంటుంది. కూడలిలో చెయ్యెత్తి నిలబడ్డ ట్రాఫిక్‌ కానిస్టేబుల్‌ ఉంటాడు. బస్సు కోసం చూసే కాలేజీ పిల్లలు, డ్రైనేజీ తవ్వే కూలీలు, పార్సిల్‌ పట్టుకుని బైకు మీద పరుగెత్తే కుర్రాళ్లు ఉంటారు. మన దగ్గర రోడ్డంటే బండ్లు పోయే దారి ఒక్కటే కాదు, లక్షలమందికి బతుకుదెరువు. ఇక్కడ ఆ మూడు డిగ్రీలు పడేది ఎండలో నిలబడక తప్పనివాళ్ల మీదే. రోడ్డు చల్లబడిందని సంబరపడేముందు ఆ లెక్క చూసుకోవాలి.

దుమ్మూ ధూళీ...

ఇంకో చిక్కుంది. పూత వేసిన కొత్తలో ఫీనిక్స్‌ రోడ్లు 33 నుంచి 38 పాళ్ల ఎండను తిప్పికొట్టాయి. పది నెలలు తిరిగేసరికి అది 19 నుంచి 30 పాళ్లకు పడిపోయింది. టైర్ల మరకలు, దుమ్ము, అరుగుదల... అన్నీ కలిసి రంగు మాపేశాయి. పూత వేయని పాత రోడ్డు 12 పాళ్లే తిప్పికొడుతుంది కాబట్టి అప్పటికీ మేలే. కానీ నిండా ట్రాఫిక్‌ ఉండే రోడ్డు మీద, నీటి పైపులకోసారి కేబుళ్లకోసారి తవ్వే వీధుల్లో ఆ పూత ఎన్నాళ్లుంటుందో ఊహించుకోవచ్చు. పూత తయారీకి అయ్యే కరెంటు, పొగ కూడా లెక్కలోకి తీసుకుంటే చాలారకాల చల్లరోడ్లు ఆదాచేసేదానికన్నా ఖర్చుచేసేదే ఎక్కువని అమెరికాలోని లారెన్స్‌ బర్క్‌లీ ప్రయోగశాల 2017లో లెక్కగట్టింది.

జపాన్‌వాళ్లు వేరే ఉపాయం పన్నారు. ఎండలో సగానికి సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. వాటిని మాత్రం తిప్పికొట్టే పూత వేస్తే రోడ్డు మరీ తెల్లగా ఉండక్కర్లేదు, కళ్లూ చెదరవు. టోక్యోలో ఇలాంటి పూతలతోపాటు నీటిని పీల్చుకుని మెల్లగా ఆవిరి చేసే రోడ్లు కూడా వేశారు. ఎండాకాలం సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లితే చల్లబడుతుందని మన అమ్మమ్మలకు తెలిసిందే కదా, అదే సూత్రం! ఇంటిముందు నీళ్లు చల్లే ఆచారం జపాన్‌లోనూ ఉంది, వాళ్లు దాన్ని 'ఉచిమిజు' అంటారు. 2020 ఒలింపిక్స్‌ మారథాన్‌ దారికి కూడా ఎండను తిప్పికొట్టే పూత వేశారు. అయినా 2019 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్‌ కమిటీ ఎండలకు భయపడి పరుగుపందేన్ని చల్లటి సపోరోకు మార్చేసింది. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా, 2021 ఆగస్టులో, సపోరోలో పందెం జరిగింది. తీరాచూస్తే అక్కడా ఎండ మండిపోతుండటంతో ఆడవాళ్ల మారథాన్‌ను అనుకున్నదానికన్నా గంట ముందు, ఉదయం ఆరింటికే మొదలుపెట్టాల్సి వచ్చింది!

మాడవీధి చెప్పే పాఠం

అయితే ఈ తెల్లపూత మన దగ్గర పనికిరాదా అంటే... భేషుగ్గా పనికొచ్చే చోటు ఒకటి ఉంది. అక్కడ దాన్ని వాడుతున్నారు కూడా. అదే తిరుమల. వేసవి వచ్చిందంటే తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవారి ఆలయం చుట్టూ ఉన్న మాడవీధుల్లో తెల్లటి కూల్‌పెయింట్‌ వేయిస్తుంది. అక్కడ నడిచేవాళ్ల కాళ్లకు చెప్పులుండవు. చెప్పుల్లేని పాదానికి కావాల్సింది చల్లటి నేల. గాలి ఎంత వేడిగా ఉంది, ఒంటికి ఎంత సెగ తగులుతోంది అన్నవి తర్వాతి సంగతి. రోడ్డుపైన ఆరు డిగ్రీలు తగ్గితే ఆ లాభమంతా తిన్నగా అరికాలికే! ఫీనిక్స్‌లో ప్రశ్నార్థకమైన పూత తిరుమలలో అందుకే అతికినట్టు సరిపోయింది.

అక్కడ రంగు పూసి చేతులు దులుపుకోవడం లేదన్నదీ గమనించాలి. చలువపందిళ్లు వేస్తారు, నేల మీద పట్టలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు. పాదానికి పూత, నెత్తికి పందిరి, నేలకు నీళ్లు... మూడింటి పనీ వేరు. ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదు. మార్టీ బండి తోసుకుంటూ తిరిగి శాస్త్రవేత్తలు తేల్చింది కూడా దాదాపు ఇదే. మధ్యాహ్నం మనిషిని కాపాడేది నీడ. ఎండ ఒంటికి, నేలకు తగలకుండా ముందే ఆపేస్తుంది కాబట్టి అక్కడ సెగా ఉండదు, తిరిగొచ్చే ఎండా ఉండదు. ఎలాంటి నీడ ఎక్కువ మేలు చేస్తుందని టెంపీ నగరంలో కొలిస్తే మధ్యాహ్నంపూట దగ్గరదగ్గరగా ఉన్న భవనాల నీడ మొదటి స్థానంలో, చెట్లు రెండో స్థానంలో, తేలికపాటి పందిళ్లు ఆ తర్వాత నిలిచాయి. మొక్క నాటి చెట్టయ్యేదాకా పదేళ్లు ఆగాలి, నీళ్లు పోయాలి. పందిరికి అవేమీ అక్కర్లేదు, వారంలో వేసేయొచ్చు. బస్టాపు, కూడలి, రైతుబజారు, అడ్డా మీద కూలీలు నిలబడే చోటు... ముందు అక్కడ నీడ ఉండాలి.

రంగు వేయాల్సింది డాబాకు!

ఎండను తిప్పికొట్టే పూతకు అన్నిటికంటే తగిన చోటు రోడ్డు కాదు, ఇంటి పైకప్పు. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎవరూ నడవరు. తిప్పికొట్టిన ఎండ ఎవరికీ తగలకుండా తిన్నగా ఆకాశంలోకి పోతుంది. టైర్లు తొక్కవు కాబట్టి రంగూ ఎక్కువకాలం ఉంటుంది. కింద గదులు చల్లబడతాయి, కరెంటు బిల్లు తగ్గుతుంది. దీనికి హైదరాబాద్‌లోనే లెక్క ఉంది. ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌ పరిశోధకులు లారెన్స్‌ బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి ఇక్కడి ఆఫీసు భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్ల కరెంటు మిగులుతుందని తేలింది. ఏసీలకయ్యే కరెంటులో ఇది 10 నుంచి 19 శాతం! తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్లో కూల్‌రూఫ్‌ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ దాన్ని తప్పనిసరి చేసింది. అంతకన్నా చిన్న ఇళ్లవాళ్లు ఇష్టమైతే చేసుకోవచ్చు.

కానీ వేడికి ఎక్కువ అల్లాడేది ఆ చిన్న ఇళ్లే. రేకుల షెడ్లలో, ఒంటిగది ఇళ్లలో, పై అంతస్తు అద్దె వాటాల్లో రాత్రిళ్లు నిద్రపట్టనిది వాళ్లకే. ఖరీదైన పెయింటే కొననక్కర్లేదు. వేసవికి ముందు డాబా కడిగి చిక్కగా సున్నం కొట్టించినా గదిలో తేడా తెలుస్తుంది. వాన పడితే వెలుస్తుంది, మళ్లీ ఏడాది వేసుకోవాలి, అంతే. దుమ్ము పేరుకుంటే తిప్పికొట్టే గుణం తగ్గుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి చీపురుతో ఊడ్చి కడిగితే సరి.

ఇక రోడ్ల సంగతి. రేపెప్పుడో మన నగరాల్లోనూ 'చల్లటి రోడ్డు వేస్తున్నాం' అని ఎవరైనా ప్రకటించవచ్చు. తప్పేం లేదు. ఎక్కువగా బండ్లు తప్ప మనుషులు నడవని కాలనీ వీధుల్లో, పార్కింగ్‌ స్థలాల్లో, రాత్రి సెగ తగ్గాల్సిన చోట్ల అది మంచి పనే. గుడి ప్రాకారాల్లో, చెప్పుల్లేకుండా నడిచే చోట్ల మరీ మంచిది. బజారు వీధిలో అయితే మాత్రం వేసేముందు అధికారుల్ని ఒక్క ప్రశ్న అడగాలి. 'ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?' అని కాదు. 'ఎవరికి తగ్గుతుంది, ఏ వేళకు తగ్గుతుంది?' అని. మామిడిపళ్ల బండి దగ్గర నిలబడ్డ అమ్మకు మధ్యాహ్నం రెండింటికి తగ్గుతుందంటే రంగు వేయమనాలి. లేదంటే ఆ డబ్బుతో ముందు ఆమె నెత్తిన ఓ పందిరి వేయమనాలి.